పెరుగన్నం దాకా

మా ఆవిడ సుగుణ హోటల్లో అడుగుపెట్టి అప్పటికి ఐదేళ్ళయింది. తిండి మీద ఇష్టం లేక కాదు, ఆమెకు ఆయాసం. దుమ్ముకూ పొగకూ దూరంగా ఉండమన్నారు డాక్టరు గారు. దుమ్ము సంగతి ఇంట్లో తడిగుడ్డతో తుడుచుకుంటే సరిపోతుంది. పొగ సంగతి మన చేతిలో లేదు. ఆ రోజుల్లో ఏ హోటలుకు వెళ్ళినా తినేవాళ్ళ కంటే పెట్టేవాళ్ళే ఎక్కువ పొగ వదిలేవారు. గల్లాపెట్టె దగ్గర యజమాని సిగరెట్టు, పెనం దగ్గర మాస్టరు బీడీ, వడ్డించేవాడి చెవి మీద మరొకటి సిద్ధంగా ఉండేవి. ఎవరూ దాన్ని తప్పనుకునేవారు కాదు. నేనూ అనుకోలేదు.

నేను అనుకోకపోవడానికి కారణముంది. ఎనభైలలో పదేళ్ళపాటు రైసుమిల్లుల్లో వాడే రబ్బరు రోల్స్, బెల్టులు అమ్ముకుంటూ నెలకు రెండుసార్లు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగినవాణ్ణి. బస్సు టైము ముంచుకొస్తుంటే భోజనం త్వరగా రావాలి. దానికి మా అమ్మకాలవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. కూర్చోగానే వడ్డించేవాడి చేతిలో ఒక సిగరెట్టు పెట్టాలి. ఒకే అగ్గిపుల్లతో ఇద్దరూ ముట్టించుకోవాలి. రెండు దమ్ములు లాగేలోపు పూరీ పొంగుతూ వచ్చేది. చిల్లర ఇస్తే కూలి, సిగరెట్టిస్తే దోస్తీ అని మాలో మేము చెప్పుకునేవాళ్ళం. మిర్యాలగూడలో యాదగిరి అని ఒక వడ్డించేవాడు ఉండేవాడు. మొదటిసారి ఇచ్చినప్పుడు అలవాటు లేదు సారూ అన్నాడు. నేనిస్తే కాదంటావా అన్నాను. తీసుకున్నాడు. ఆ తరువాత పదేళ్ళు అతను నాకు చల్లారిన అన్నం పెట్టలేదు.

సుగుణకు ఆయాసం మొదలైన ఏడాది నన్ను కంపెనీవాళ్ళు హైదరాబాదు ఆఫీసులో కూర్చోబెట్టారు. తిరుగుడూ సిగరెట్టూ రెండూ ఒకేసారి మానేశాను. కబుర్లు మాత్రం మానలేదు. ఇంట్లో దోశ వేసినప్పుడల్లా సూర్యాపేట దోశ గురించి, పప్పు చేసినప్పుడల్లా కోదాడ పప్పు గురించి, ఏది చేసినా యాదగిరి వడ్డన గురించి చెప్పేవాణ్ణి. తొంభై నాలుగు చలికాలంలో ఒక ఆదివారం సుగుణ గరిటె పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"మీరు పదేండ్లు తిన్నరు, నేను పదేండ్లు ఇన్న. ఇగ ఇనుడు సాలు," అంది. "నన్ను గా మూడూర్లు తోల్కపోండ్రి. ఒక్క హోటల్ల విస్తరి ముంగట కూసొని, పప్పుకాడికెల్లి పెరుగన్నం దాకా లేవకుంట తినాలె. నాతోని కాకపోతే మళ్ళ అడగ."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. ఇంక అడగనని అన్నదంటే సుగుణ నిజంగానే అడగదు. నలభై రెండేళ్ళకే బయటి ప్రపంచాన్ని వదులుకోవడానికి తయారైనట్టు అనిపించింది. ఎలాగైనా పెరుగు దాకా కూర్చోబెట్టాలని నేను గట్టిగా అనుకుని రెండు రోజులు సెలవు పెట్టాను.

ఉదయం ఆరుంపావుకు విజయవాడ వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కాము. సూర్యాపేటకు మూడున్నర గంటలు. చలికాలం పొద్దున వెళ్ళేవాళ్ళు ఎడమవైపు సీట్లు చూసుకోండి, కుడివైపు ఎండ మొహాన కొడుతుంది. సుగుణ కిటికీ దగ్గర, నేను మధ్యలో కూర్చున్నాము. చివర కూర్చున్నాయన సూర్యాపేట మార్కెట్టుకు వెళ్తున్న కందుల వ్యాపారి. చౌటుప్పల్ దాటగానే ఆయన బీడీ ముట్టించాడు. సుగుణ చేతిసంచిలోంచి తడి తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది. నేను ఏమన్నా అనేలోపు ఆయనే గమనించి నొచ్చుకున్నాడు. అమ్మకు పొగ పడదా, ముందే చెప్పొద్దా అని మమ్మల్ని లేపి, తను కిటికీ పక్కకు జరిగాడు. అక్కడైతే పొగ బయటికే వదలొచ్చట. అలాగే వదిలాడు. అది వెనక కిటికీలోంచి తిరిగి మా దగ్గరికే వచ్చింది.

నార్కట్‌పల్లిలో బస్సు ఆగినప్పుడు సుగుణ నా చెవిలో, "మంచోడే పాపం, సీటు గూడ తీసుకున్నడు," అంది. ఇద్దరం సూర్యాపేట దాకా నవ్వుకుంటూనే ఉన్నాము.

తొమ్మిదిన్నర దాటాక దిగాము. బస్టాండు ఎదురుగా ఉన్న ఆ చిన్న టిఫిను హోటలు పేరు చెప్పను, ఇప్పుడుందో లేదో తెలియదు. పెనం వాకిట్లోనే ఉంటుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు మాస్టరు పక్క నుంచే వెళ్ళాలి. పాత మాస్టరే. బీడీ పెదవి చివర అంటుకుని ఉంటుంది. రెండు చేతులూ పనిలో ఉంటాయి. పెనం మీద నీళ్ళు చల్లి, చీపురుతో తుడిచి, పిండి తిప్పి, నూనె చుట్టూ పోసేంతసేపూ బీడీ చివర బూడిద అంగుళం పొడుగు పెరుగుతూ ఉంటుంది గానీ రాలదు. నేను తిరిగే రోజుల్లో ఆ బూడిద ఎంతసేపు నిలుస్తుందో చూస్తూ ఇంకో దోశ చెప్పిన రోజులున్నాయి. అదే గొప్పగా సుగుణకు చూపించబోయాను.

ఆమె చూసింది. పెనం వైపు కాదు, బూడిద వైపు. "గిది ఎప్పుడో ఒకనాడు రాలే ఉంటది గదా," అని నెమ్మదిగా అడిగింది. "గా దినం ఎవ్వలు తిన్నరో."

పదేళ్ళలో నాకు ఆ అనుమానం రాలేదు. ఎవరు తిని ఉంటారో ఇప్పుడు ఆలోచించదలచుకోలేదు. మాస్టరు నన్ను గుర్తుపట్టి తల ఊపాడు, నేనూ ఊపాను. బీడీ తీసెయ్యి అన్నా అని ఒక్క మాట అంటే పోయేది. నోటిదాకా వచ్చింది, ఆగిపోయింది. ఒకప్పుడు దోశ త్వరగా రావడానికి అతనికీ బీడీలు కొనిచ్చినవాణ్ణే కదా, ఏ మొహం పెట్టుకుని అంటాను. అప్పటికే సుగుణ ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది. బయటికి వచ్చి బండి మీద జామకాయలు కొనుక్కుని, బస్టాండు బల్ల మీద కూర్చుని ఉప్పూకారం అద్దుకుని తిన్నాము. కాయలు బాగున్నాయి. అయినా ముక్కుకు తగిలే వాసన మాత్రం ఎదుటి హోటలు దోశదే.

పదకొండుకు కోదాడ బస్సు. గంట ప్రయాణం. కోదాడలో మాట తీరు మారుతుంది, అండీలు మొదలవుతాయి. నేను వెళ్ళే భోజనం హోటలు కొత్త గోడలతో, కొత్త బల్లలతో మెరిసిపోతోంది. గోడ మీద నీలం రంగుతో మూరెడు అక్షరాల్లో పొగ త్రాగరాదు అని రాయించారు. నా ప్రాణం లేచి వచ్చింది. చూశావా అన్నట్టు సుగుణ వైపు చూశాను. కూర్చున్నాము. విస్తళ్ళు వచ్చాయి, వేడి అన్నం, పప్పు, నెయ్యి వచ్చాయి. సుగుణ మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మీరు చెప్పింది అబద్ధం కాదు అంది. నాకు కడుపు అప్పుడే నిండిపోయింది.

రెండో ముద్ద దగ్గర ఘాటు వచ్చింది. చూస్తే సరిగ్గా ఆ నీలం అక్షరాల కిందే గల్లాపెట్టె ముందు కూర్చుని యజమాని చుట్ట కాలుస్తున్నాడు. పెద్దాయన, తెల్ల చొక్కా, విభూతి. లేచి వెళ్ళి గోడ మీది అక్షరాలు చూపించాను. ఆయన తల తిప్పి చదువుకుని, ఎంతో మర్యాదగా నవ్వాడు.

"అది కస్టమర్లకండీ," అన్నాడు. "మనం ఇంటోళ్ళమే కదండీ."

 తిరిగి వచ్చేసరికి సుగుణ చేయి కడుక్కుని నిలబడి ఉంది. మేము బస్సెక్కి కూర్చున్నాక ఆ పెద్దాయన గ్లాసు నిండా మజ్జిగ పట్టుకుని బస్టాండు దాకా వచ్చాడు. అమ్మగారు అన్నం మధ్యలో లేచారని వంటాయన చెప్పాడట, మనసు ఒప్పలేదట. కిటికీలోంచి గ్లాసు అందించాడు. రెండో చేతిలో చుట్ట అలాగే ఉంది. సుగుణ ఊపిరి బిగబట్టి మజ్జిగ తాగి, గ్లాసు ఇచ్చి, దండం పెట్టింది. పప్పు దాకా వచ్చినం గద, ఏం తక్కువ అని బస్సు కదిలాక నన్నే ఓదార్చింది.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా రెండుంపావు గంటలు పట్టింది. వరికోతలు నడుస్తున్నాయి. రోడ్డు మీదే ధాన్యం ఎండబోశారు, బస్సు ఒక పక్కగా వంగి వంగి వెళ్ళింది. నేరేడుచర్లలో ఎక్కిన ఒకామె సుగుణ పక్కన కూర్చుంది. కోతల కూలికి వెళ్ళి బిడ్డ దగ్గరికి పోతోందట. తడి తువ్వాలు చూసి విషయమంతా అడిగి తెలుసుకుని, కొంగు ముడి విప్పి నాలుగు కరక్కాయ ముక్కలు తీసింది. బుగ్గన పెట్టుకుంటే దగ్గు అణుగుతుందట. సుగుణ మొహమాటపడింది. "పెద్దదాన్ని ఇస్తె కాదనొద్దు బిడ్డా," అందామె. సుగుణ ఒక ముక్క బుగ్గన పెట్టుకుని వగరుకు మొహమంతా ముడుచుకుంది. మిగిలిన మూడూ కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది.

మిర్యాలగూడలో దిగేసరికి నాలుగు దాటింది. ఉప్పుడు బియ్యం ఉడుకుతున్న వాసన ఊరికి ఇంకా మైలు దూరముండగానే తెలుస్తుంది. మిల్లుల వైపు ఊక దుమ్ము ఉంటుంది కాబట్టి స్టేషను రోడ్డులో ఒక లాడ్జి తీసుకున్నాము. గది నలభై రూపాయలు, వేడినీళ్ళు బకెట్టుతో తెచ్చిస్తారు. ఆయాసమున్నవాళ్ళు మేడమీది గది అడగండి. సుగుణ మాత్ర వేసుకుని పడుకుంది. నేను ఊరు చూసి వస్తానని బయలుదేరి, పాన్‌డబ్బా దగ్గర ఆగి, ఒక సిగరెట్టు పెట్టె కొన్నాను. నాకు కాదు, యాదగిరికి. ఐదేళ్ళ తరువాత ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదనిపించింది. ఉదయం నుంచీ రెండు హోటళ్ళలో ఏం జరిగిందో చూసి కూడా ఆ పని చేశానంటే, అలవాటు నోటికి కాదు చేతికి ఉంటుందని మీరే అర్థం చేసుకోవాలి. పెట్టె చొక్కా జేబులో వేసుకుని పైన రుమాలు కప్పాను.

మర్నాడు పన్నెండున్నరకు భోజనానికి వెళ్ళాము. అదే హోటలు, అదే రేకుల కప్పు, అవే పొడుగు బల్లలు. రద్దీ ఇంకా మొదలుకాలేదు. యాదగిరి లోపలి నుంచి నీళ్ళ జగ్గు తెస్తూ నన్ను చూసి ఆగిపోయాడు. జుట్టు నెరిసింది, మనిషి కొంచెం వంగాడు. జగ్గు బల్ల మీద పెట్టేసి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఐదేళ్ళకు యాదికొచ్చానా అన్నాడు, అమ్మను తెచ్చారా అన్నాడు, కిటికీ దగ్గరి బల్ల తన తువ్వాలుతో తుడిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు. తన ఆనందాన్ని ఎట్లా చూపించాలో తెలియక చుట్టూ చూసి, చటుక్కున చెవి మీది సిగరెట్టు తీశాడు. జేబులోంచి ఇంకొకటి తీశాడు.

"గిన్నేండ్లు మీరే తాపిన్రు సారూ," అన్నాడు. "ఇయ్యాల నాది తాగున్రి."

ఒకటి నా చేతిలో పెట్టాడు. రెండోది తన నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. ముందు తనది ముట్టించి, గాలికి చేయి అడ్డం పెట్టి పుల్లను నా ముందుకు తెచ్చాడు. ఒకే పుల్ల. నేను నేర్పిన మర్యాదే. ఒక్క పొల్లు కూడా పోకుండా తిరిగి ఇస్తున్నాడు. పొగ సుగుణ మీదుగా కిటికీ వైపు వెళ్ళింది. ఆమె తువ్వాలు కోసం సంచిలో చేయి పెట్టింది. ఇంకొక్క నిమిషంలో లేస్తుంది. లేస్తే మళ్ళీ అడగదు.

పుల్ల నా ముందు కాలుతూనే ఉంది. నేను ఊదేశాను.

"యాదగిరీ," అన్నాను, "మా ఇంటామెకు పొగ పడదు. ఆయాసముంది. నీ తప్పేం లేదు. నీకు గీ అలవాటు చేసింది నేనే."

అతను నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. నోట్లోది తీసి నీళ్ళ గ్లాసులో ముంచాడు. ఆ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వేరే మనిషి వచ్చి విస్తళ్ళు వేసి వెళ్ళాడు. ఐదు నిమిషాలైనా యాదగిరి రాలేదు. మంచి మనిషిని బాధపెట్టాననుకుంటూ వంటింటి వైపే చూస్తూ కూర్చున్నాను. అన్నం ఇంకా రానేలేదు. సుగుణ కూడా, ఇంకొంచెం మెల్లగా చెప్పాల్సింది అంది.

వచ్చాడు. వేరే చొక్కా వేసుకున్నాడు. మొహం, చేతులు కడుక్కున్నాడు, జుట్టు కూడా తడిగా ఉంది. పాత చొక్కాకు వాసన ఉంటుందని మార్చుకున్నాడట. వంటింట్లో మాస్టరు బీడీ కూడా ఆర్పించి వచ్చాడని పప్పు వడ్డిస్తూ చెప్పాడు. రెండో కిటికీ తెరిచాడు. ఆ తరువాత నేను జీవితంలో చూడని వడ్డన చూశాను. చేతిలో కూర గిన్నె, కన్ను వాకిలి మీద. ఎవరు బీడీతో గడప తొక్కినా గిన్నెతో సహా ఎదురెళ్ళి, అయిపోగొట్టుకుని రా అన్నా, అన్నం ఎక్కడికి పోదు అని మెల్లగా చెప్పి బయటికి పంపాడు. ఎవరూ కోప్పడలేదు. ఇద్దరు ముగ్గురు అరుగు మీద నిలబడి గబగబా లాగేసి లోపలికి వచ్చారు. ఇంత తేలికైన పని అని నాకు తెలిసుంటే సూర్యాపేటలోనే చేసేవాణ్ణి.

పప్పు అయింది. వంకాయ కూర అయింది. చారు పోసుకుంటుండగా గల్లాపెట్టె దగ్గర హోటలు సేటు, పాపం ఏమీ తెలియని మనిషి, అలవాటు ప్రకారం సిగరెట్టు వెలిగించాడు. సుగుణ చెయ్యి విస్తట్లో ఆగింది. యాదగిరి చారు గిన్నె కింద పెట్టి ఆయన దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. సేటు మా బల్ల వైపు చూసి, సిగరెట్టు వైపు చూసి, లేచాడు.

"నా హోటల్లకెల్లి నన్నే ఎల్లగొడ్తివి గదరా," అంటూ వాకిలి దాటి బయటికి వెళ్ళాడు. అక్కడ ఉన్నవాళ్ళు ఆయనకు అరుగు మీద చోటిచ్చారు.

పెరుగు వచ్చింది. గడ్డపెరుగు. సుగుణ నిదానంగా కలుపుకుని, మామిడికాయ పచ్చడి నంజుకుని, చివరి మెతుకు దాకా తిని విస్తరి మడిచింది. నేను ఆమె మొహం చూస్తూ నా విస్తట్లో ఏం తిన్నానో ఎరగను. పెళ్ళినాడు కూడా ఆమె అంత తృప్తిగా తినడం నేను చూడలేదు. ఆ మాట అంటే, ఆనాడు మీరు నా విస్తరి దిక్కు చూసిన్రా అంది.

చేతులు కడుక్కునే చోట ఆమె యాదగిరిని అడిగింది, నిజంగా నీకు ఇష్టమేనా అన్నా, ఆ సిగరెట్టు తాగుడు అని. అతను తువ్వాలు అందిస్తూ తల గోక్కున్నాడు.

"ఏం ఇష్టమమ్మా, దగ్గుతోని పానం పోతది. సారిస్తె కాదంటె ఏమనుకుంటడో అని మొదలువెట్టిన. ఎన్కెన్క అందరు ఇచ్చుడే. ఎవ్వలిని కాదనాలె?"

నాకు సిగ్గేసింది. దాచుకోవడానికేం లేదు. పదేళ్ళు నేను మర్యాద చేస్తున్నాననుకున్నాను, అతను నా మర్యాద నిలబెడుతున్నాననుకున్నాడు. ఆయాసం ఇంట్లోకి వచ్చాక నేను పదిహేను రోజుల్లో మానేసి గొప్ప చెప్పుకున్నాను. అతనికి మాత్రం నాలాంటివాళ్ళు రోజూ ఇస్తూనే ఉన్నారు. జేబులో పెట్టె గుండెకు ఒత్తుకుంటోంది. ఎవరూ చూడకుండా తీసి ఎంగిలి విస్తళ్ళ డబ్బాలో పడేశాను.

సుగుణ సంచిలోంచి కాగితం పొట్లం తీసి యాదగిరి చేతిలో పెట్టింది. తాగాలనిపించినప్పుడు ఒక ముక్క బుగ్గన పెట్టుకో, ఎవరన్నా ఇస్తే నోరు ఖాళీ లేదని చెప్పు అంది. యాదగిరి పొట్లం విప్పి చూశాడు.

"సారిస్తె కాదనలె. మీరిస్తె కాదంటనా," అని ఒక ముక్క అక్కడికక్కడే నోట్లో వేసుకున్నాడు. వగరుకు మొహం ముడుచుకున్నాడు, అచ్చం నిన్న బస్సులో సుగుణ ముడుచుకున్నట్టే.

మూడుంపావు పాసింజరు అరగంట ఆలస్యంగా వచ్చింది. మిర్యాలగూడ నుంచి సికింద్రాబాదుకు రైలు బస్సు కంటే సుఖం, కిటికీలు పెద్దవి. చోటు దొరికింది. నల్లగొండలో ఎక్కిన ఒక ఉద్యోగస్థుడు ఎదురుగా కూర్చుని కబుర్లలో పడ్డాడు, కాసేపటికి సిగరెట్టు పెట్టె తెరిచి నా ముందుకు చాపాడు, తీసుకోండి సార్, మొహమాటపడొద్దు అని. పదేళ్ళు నేను అన్న మాటే అది. వద్దన్నాను. మా ఆవిడకు పడదు, మీరు కూడా వాకిలి దగ్గరికి వెళ్ళి తాగి రండి అన్నాను. అయ్యో దానికేముంది అని ఆయన లేచి వెళ్ళాడు. అంతే. ఆకాశం ఊడి మీద పడలేదు.

సుగుణ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. రైలు ఆగినప్పుడల్లా నేను ఆమె ఊపిరి విన్నాను. ఈల లేదు. ఈ ప్రయాణంలో మేము చూసిన విశేషం ఇంతే. గుళ్ళకు వెళ్ళలేదు, కృష్ణ ఒడ్డుకు వెళ్ళలేదు. మూడు ఊళ్ళు తిరిగి ఒక పూట భోజనం చేసి వస్తున్నాము, నాకు ఇంకేమీ తక్కువ అనిపించలేదు. రామన్నపేట దాటుతుండగా ఆమె కళ్ళు తెరవకుండానే అడిగింది, జేబులో ఆ సిగరెట్టు పెట్టె ఏం చేశారని. నిన్న లాడ్జిలో రుమాలు కింద చూసిందట. ఎంగిలి విస్తళ్ళలో వేశానని చెప్పాను.

"మంచిపని," అంది. "వచ్చే నెల సూర్యాపేట పోదం. దోశ మాస్టరుకు మీరే చెప్పాలె. నేనైతె లేవ."

మళ్ళీ అడిగింది.